పాత ట్రక్కు కార్బ్యురేటర్‌కి ఏ చోక్ మంచిది: చేత్తో లాగేదా, ఆటోమేటిక్కా?

చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. చాలాభాగం సిలిండర్లకి దారి అయిన ఇన్‌టేక్ మానిఫోల్డ్ గోడలకే అంటుకుపోయి, సిలిండర్‌లోకి వెళ్ళే మిశ్రమం పలచబడుతుంది, బండి స్టార్ట్ కాదు. అందుకే కార్బ్యురేటర్ మూతి దగ్గరున్న చోక్ రేకు మూసుకుని గాలి తగ్గిస్తుంది, పెట్రోలు ఎక్కువ లాగిస్తుంది. ఇంజన్ వేడెక్కేకొద్దీ ఆ రేకు తెరుచుకోవాలి. దాన్ని డ్రైవర్ తెరుస్తాడా, వేడికి కదిలే బైమెటల్ స్ప్రింగ్ తెరుస్తుందా అన్నదే రెండు చోక్‌ల మధ్య తేడా.

ఏది కొనాలో తేల్చుకునే ముందు బానెట్ ఎత్తి, స్ప్రింగ్‌కి వేడి ఎక్కణ్ణించి వస్తోందో చూడండి. 1960లు, 70ల షెవ్రొలే వీ8 ట్రక్కుల్లో చాలావాటికి స్ప్రింగ్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ గుంటలో కూర్చుని ఉంటుంది, అక్కణ్ణించి సన్న కడ్డీ ఒకటి కార్బ్యురేటర్‌కి వెళ్తుంది. ఇంకొన్నింటిలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ నుంచి వేడిగాలి గొట్టం వస్తుంది. ఈ రెండూ ఎగ్జాస్ట్ వేడి మీదే బతుకుతాయి. ఎవరైనా హెడర్లు (కంపెనీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బదులు వేసే విడి గొట్టాలు) బిగించినా, ఎగ్జాస్ట్ క్రాసోవర్ (ఇన్‌టేక్‌లో వేడి పొగ పారే దారి) లేని అల్యూమినియం ఇన్‌టేక్ వేసినా, క్రాసోవర్ దారి మసితో పూడిపోయినా ఆ వేడి అందదు. అప్పుడు రేకు సగం మూసుకునే ఉండి, నల్ల పొగ, నల్లబడ్డ ప్లగ్గులు మొదలవుతాయి. మంచి కార్బ్యురేటర్‌ని పాడైందని పారేయడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

ఒరిజినల్ చోక్ పనిచేస్తుంటే మార్చకండి. పరీక్ష తేలిక. రాత్రంతా ఆగిన ఇంజన్ మీద ఎయిర్ ఫిల్టర్ తీసి, యాక్సిలరేటర్ ఒకసారి పూర్తిగా నొక్కి వదలండి. చలిలో రేకు పూర్తిగా మూసుకోవాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఆపి చూస్తే పూర్తిగా తెరుచుకుని నిటారుగా నిలబడాలి. నిలబడకపోతే ఎగ్జాస్ట్ వేడిని ఇన్‌టేక్ వైపు మళ్ళించే హీట్ రైజర్ వాల్వ్ ఇరుక్కుందా, వేడిగాలి గొట్టం తుప్పుపట్టి చిల్లు పడిందా చూడండి. స్టార్టర్ తిప్పుతున్నప్పుడు మాత్రం కార్బ్యురేటర్‌లోకి తొంగిచూడొద్దు, బ్యాక్‌ఫైర్ అయితే మంట ముఖానికే తగులుతుంది.

ఎగ్జాస్ట్ వేడి లేని ఇంజన్‌కి ఎలక్ట్రిక్ చోక్ సరైన దారి. కరెంటే స్ప్రింగ్‌ని వేడి చేస్తుంది కాబట్టి హెడర్లతో ఇబ్బంది లేదు. చెడేది ఎక్కువగా వైరింగ్‌లో. తాళం తిప్పినప్పుడే వచ్చే పూర్తి 12 వోల్టుల లైన్ నుంచి, విడి ఫ్యూజు పెట్టి తీసుకోండి. ఇగ్నిషన్ కాయిల్ ప్లస్ నుంచి తీయొద్దు: పాత బండ్లలో ఆ లైన్‌లో రెసిస్టర్ ఉంటుంది, చోక్ నిదానంగా తెరుచుకోవడమే కాదు, స్పార్క్ కూడా బలహీనపడుతుంది. పాత ఫోర్డుల్లో కంపెనీ చోక్ హీటర్‌కి ఆల్టర్నేటర్ స్టేటర్ (లోపలి తీగచుట్ట) నుంచి కరెంటు ఇచ్చేవారు. అక్కడొచ్చేది దాదాపు 7 వోల్టులే, కాబట్టి బయట కొన్న 12 వోల్టుల చోక్‌ని దానికి కలపొద్దు. కార్బ్యురేటర్ కింద గాస్కెట్ ఎర్త్‌ని అడ్డుకోవచ్చు, అందుకని విడిగా ఎర్త్ వైరు లాగండి. 1955కి ముందు ట్రక్కు అయితే మొదట బ్యాటరీ చూడండి. 6 వోల్టుల బండిలో 12 వోల్టుల చోక్ సరిగా వేడెక్కదు.

ఎలక్ట్రిక్ చోక్‌కి ఒక స్వభావం ఉంది: అది ఇంజన్ వేడిని కాదు, కరెంటు పారిన సమయాన్నే ఎరుగును. తాళం తిప్పి ఊరికే కూర్చుంటే చల్లటి ఇంజన్‌లోనే తెరుచుకుంటుంది. గంట ఆపి మళ్ళీ తీస్తే ఇంజన్ ఇంకా వేడిగానే ఉన్నా చోక్ మూసుకుని పెట్రోలు ముంచేయవచ్చు. మొదటి చిక్కుకి ఆయిల్ ప్రెజర్ స్విచ్ మీదుగా కరెంటు ఇవ్వడం మంచి పరిష్కారం. రెండోదానికి యాక్సిలరేటర్ పూర్తిగా అదిమిపట్టి తిప్పండి, రేకు కొంచెం తెరుచుకుంటుంది.

సెట్టింగ్ 20 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో, చల్లటి ఇంజన్ మీద చేయాలి. చోక్ స్ప్రింగ్ ఉన్న గుండ్రటి మూత చుట్టూ ఉన్న మూడు స్క్రూలు వదులు చేసి, రేకు అప్పుడే మూసుకునే చోటికి మూత తిప్పి బిగించండి. తర్వాత ఒక్కో గీత మాత్రమే మార్చండి: స్టార్ట్ అయి వెంటనే ఆగిపోతే రిచ్ (పెట్రోలు ఎక్కువ) వైపు, నల్ల పొగతో తడబడితే లీన్ (పెట్రోలు తక్కువ) వైపు. స్టార్ట్ అయ్యాక వాక్యూమ్ పుల్ ఆఫ్ (ఇంజన్ పీల్చే బలంతో కదిలే చిన్న భాగం) రేకుని కాస్త లాగి తెరవాలి. చాలా కార్బ్యురేటర్లలో ఈ సందు 3 నుంచి 5 మిల్లీమీటర్లుంటుంది, మీ మోడల్ పుస్తకంలోని కొలతకి సరిపోయే డ్రిల్ బిట్ దూర్చి చూడండి. పుల్ ఆఫ్ లోపలి పలచటి పొర, అంటే డయాఫ్రం, చిరిగితే మూత ఎంత తిప్పినా లాభం ఉండదు.

చేతి చోక్‌కి వైరు, ఎగ్జాస్ట్ వేడి, పుల్ ఆఫ్ ఏవీ అక్కర్లేదు. 1940ల చివరి షెవ్రొలే ట్రక్కుల్లో డాష్‌బోర్డు మీద వచ్చిందే ఇది, అలాంటి బండిలో దాన్నే ఉంచడం న్యాయం. బిగించేటప్పుడు కేబుల్‌ని పెద్ద వంపుతో తిప్పి, ఎగ్జాస్ట్‌కి దూరంగా తీసుకెళ్ళండి. కేబుల్ తొడుగుని కార్బ్యురేటర్ దగ్గర క్లాంప్ గట్టిగా పట్టాలి, లేదంటే నాబ్ లాగినప్పుడు తొడుగే కదులుతుంది. నాబ్ లోపలికి నొక్కినప్పుడు తీగలో 2, 3 మిల్లీమీటర్ల వదులు ఉంచండి, రేకు పూర్తిగా తెరుచుకోవడానికి అది అవసరం. వాడకంలో, స్టార్ట్ అయిన వెంటనే నాబ్ మూడో వంతు లోపలికి నొక్కాలి, ఇంజన్ గొంతు నిలకడగా వచ్చేకొద్దీ మిగతాది. మరిచిపోయి లాగిన చోక్‌తోనే నడిపితే పెట్రోలు సిలిండర్ గోడల ఆయిల్‌ని కడిగేస్తుంది, కింద ఆయిల్ పలచబడుతుంది, రింగులు అరుగుతాయి.

కాబట్టి ఒక్కరే నడిపే, అప్పుడప్పుడే బయటికొచ్చే బండికి చేతి చోక్‌నే ఎంచుకోవాలంటాం. ఇంట్లో పలువురు నడిపే, చలిలో రోజూ తీసే బండికి ఎలక్ట్రిక్. కొత్త కార్బ్యురేటరే కొంటుంటే మొదటే సరైన మోడల్ అడగండి: ఎడెల్‌బ్రాక్ కంపెనీ 600 సీఎఫ్ఎమ్ (నిమిషానికి పారే గాలి, ఘనపుటడుగుల్లో) కార్బ్యురేటర్లలో 1405 చేతి చోక్‌ది, 1406 ఎలక్ట్రిక్‌ది.

ఏది బిగించినా చివర్లో ఎయిర్ ఫిల్టర్ పెట్టి, పై మూత తీసి, రేకుని వేలితో పూర్తిగా ఆడించి చూడండి. ఫిల్టర్ అడుగు పళ్ళెం చోక్ కడ్డీకో, ఎలక్ట్రిక్ మూతకో తగిలితే రేకు మధ్యలోనే ఆగుతుంది. తగులుతుంటే కింద మందపాటి స్పేసర్ రింగు వేసి ఎత్తండి, బానెట్ మూసుకుంటుందో లేదో కూడా అప్పుడే చూసుకోండి.