పశ్చిమ ఆఫ్రికాలో జీడిపప్పు యూనిట్: డబ్బు పంపకముందు చేయవలసిన పనులు

మన తోటల కాపు చాలక పశ్చిమ ఆఫ్రికా జీడిపిక్క తెప్పించుకొని నడిచే కార్ఖానాలకు 2024 ఏప్రిల్ 1 ఒక హెచ్చరిక. ఆ రోజు నుంచి బెనిన్ దేశం ముడి జీడిపిక్కల ఎగుమతిని నిషేధించింది. పిక్కను తమ గడ్డమీదే కొట్టి పప్పుగా అమ్మాలన్నది వారి విధానం; పెట్టుబడితో వచ్చేవారి కోసం కోటొనూ నగరం దగ్గర గ్లో-జిగ్బే పారిశ్రామిక మండలాన్ని కూడా సిద్ధం చేశారు. పిక్క ఇక్కడికి రాకపోతే మనమే అక్కడికి వెళ్దామని మోరి, రాజోలు ప్రాంతాల్లో ఆలోచించేవారికి ఉపయోగపడాలని ఈ వివరాలు రాస్తున్నాను. ఇందులో ముఖ్యమైన ప్రతి పనీ డబ్బు కదలకముందు జరగవలసినదే. తరువాత సరిదిద్దుకుందామంటే కుదిరేవి బహు కొద్ది.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. భారత ఎగ్జిమ్ బ్యాంకు ఆఫ్రికా దేశాలకు రుణ సదుపాయం ఇచ్చిందన్న వార్త చదివి, ఆ డబ్బు అక్కడ యూనిట్ పెట్టే మనవారికి అందుతుందని చాలామంది అనుకుంటారు. ఆ రుణం సాధారణంగా అక్కడి ప్రభుత్వానికి గాని, దాని సంస్థలకు గాని వెళుతుంది. అందులో కనీసం 75 శాతం విలువకు సరుకులు, సేవలు భారతదేశం నుంచి కొనాలన్నది షరతు. అంటే యంత్రాలు అమ్మేవారికి అది అవకాశమే తప్ప పెట్టుబడిదారుకు అప్పు కాదు. 1956లో ఏర్పడిన అంతర్జాతీయ ఆర్థిక సంస్థ, ఐఎఫ్‌సీ, ప్రైవేటు సంస్థలకే అప్పులిస్తుంది గాని, మన కార్ఖానాల స్థాయి వారికి ఆ సాయం ఎక్కువగా అక్కడి స్థానిక బ్యాంకుల ద్వారానే చేరుతుంది.

ఇక డబ్బు పంపే విషయం. 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారం కంపెనీ, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), రిజిస్టరైన భాగస్వామ్య సంస్థ ఈ మూడూ తమ నికర విలువకు (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదానికి) 400 శాతం వరకు ఆటోమేటిక్ మార్గంలో, అంటే రిజర్వు బ్యాంకు ముందస్తు అనుమతి లేకుండానే, పెట్టుబడి పెట్టవచ్చు. మన వైపు చాలా కార్ఖానాలు అన్నదమ్ముల భాగస్వామ్యంలో, రిజిస్ట్రేషన్ లేకుండానే నడుస్తున్నాయి కనుక మొదట ఆ పని పూర్తి చేసుకోవాలి. వ్యక్తిగా పంపదలిస్తే ఏడాదికి 2,50,000 డాలర్ల పరిమితి ఉంది. పైగా తన అదుపులో ఉన్న విదేశీ కంపెనీ కింద మరో కంపెనీ పెట్టడానికి వ్యక్తికి అనుమతి లేదు. మారిషస్‌లో ఒక కంపెనీ, దాని కింద బెనిన్‌లో మరొకటి పెట్టమని సలహా ఇచ్చేవారు ఈ మాట చెప్పరు. బ్యాంకులో అప్పు మొండి బకాయిగా నమోదై ఉంటే ఆ బ్యాంకు నిరభ్యంతర పత్రం కూడా కావాలి. ఇవి కుదిరాక, బ్యాంకు ద్వారా పెట్టుబడి వివరాలు తెలిపే ఫారం ఎఫ్‌సీ దాఖలు చేసి, యూఐఎన్ అనే గుర్తింపు సంఖ్య తీసుకొని, ఆ తరువాతే డబ్బు పంపాలి. పంపిన ఆరు నెలల లోపు షేర్ల పత్రాన్ని బ్యాంకుకు ఇవ్వాలి, ఏటా డిసెంబరు 31 లోపు పనితీరు నివేదిక దాఖలు చేయాలి.

నాకు తెలిసిన ఒకాయన పిక్కల కొనుగోలుకు అడ్వాన్సు పేరిట డబ్బు పంపి, సరుకు రాకపోయేసరికి, అవతలి వ్యాపారి మాట విని దానినే వాటాగా మార్చుకోబోయారు. యూఐఎన్ లేదు, ఆ వాటాకు విలువ కట్టిన పత్రమూ లేదు. అడ్వాన్సుకు సరుకు చూపమని బ్యాంకు అడిగితే ఆయన దగ్గర చూపడానికి ఒక వాట్సాప్ సందేశం తప్ప ఏమీ లేకపోయింది.

రాజకీయ నష్టాలకు బీమా కూడా ముందే చూసుకోవలసినదే. ప్రపంచ బ్యాంకు బృందంలో 1988లో ఏర్పడిన మిగా సంస్థ యుద్ధం, ప్రభుత్వ స్వాధీనం, లాభాలను బయటికి పంపకుండా ఆపడం వంటి నష్టాలకు హామీ ఇస్తుంది. అయితే పెట్టుబడికి కట్టుబడకముందే ప్రాథమిక దరఖాస్తు చేరాలి. మన ప్రభుత్వ ఎగుమతి రుణ బీమా సంస్థ ఈసీజీసీకి కూడా విదేశీ పెట్టుబడుల బీమా ఉంది, ముందు వారిని అడగడమే సులువని నా అభిప్రాయం. దేశాల మధ్య ఒప్పందాలే కాపాడతాయని ధీమాగా ఉండవద్దు: భారతదేశం తన పాత పెట్టుబడి ఒప్పందాలలో చాలావాటిని 2016-17 కాలంలో రద్దు చేసుకుంది, పెట్టుబడి తగవులు తీర్చే అంతర్జాతీయ కేంద్రమైన ఇక్సిడ్ ఒడంబడికలో అసలు చేరనేలేదు. అందుచేత తగవు వస్తే మధ్యవర్తిత్వం ఎక్కడ, ఏ భాషలో అన్నది వాటాదారుల ఒప్పందంలోనే రాయించుకోవాలి. బెనిన్‌తో సహా 17 దేశాలకు ఓహాడా అనే ఉమ్మడి వ్యాపార చట్టం ఉండటం కొంత మేలు. ఫ్రెంచి తెలిసిన వకీలు ఫీజు దగ్గర మాత్రం పొదుపు వద్దు.

కరెన్సీ సంగతి. నైజీరియా నైరా 2023 జూన్‌లో డాలరుకు 460 దరిదాపుల నుంచి నెల తిరగకుండానే 750 దాటింది. బెనిన్ వాడే సీఎఫ్‌ఏ ఫ్రాంక్ అలా జారదు, ఎందుకంటే ఒక యూరోకు 655.957 అని దాని మారకం కట్టి ఉంది. కాని పప్పు అమ్మేది డాలర్లలో, కూలి, కరెంటు, పిక్క ధర చెల్లించేది ఫ్రాంకుల్లో. యూరో ముందు డాలరు తగ్గినప్పుడల్లా ఆ తగ్గుదల మన లాభంలోంచే పోతుంది.

పిక్క నాణ్యతను మాత్రం స్వయంగా చూడాలి. అక్కడ బేరం ఔటర్న్ మీద నడుస్తుంది, అంటే 80 కిలోల బస్తాలో ఎన్ని పౌన్ల పనికొచ్చే పప్పు దిగుతుందన్న లెక్క. బస్తాల పైనుంచే కాక మధ్యనుంచి, అడుగునుంచి కూడా పిక్క తీయించి, కలిపి, కిలో తూచి, కత్తిరించి, పుచ్చు, బూజు, ముడుచుకున్న పప్పు వేరుచేసి తూకం వేయించండి. 48 పౌన్లన్న సరుకు 44 దిగితే బస్తాకు 1.8 కిలోలు తగ్గుతుంది. వెయ్యి టన్నులకు, అంటే 12,500 బస్తాలకు, అది 22 టన్నులు దాటుతుంది. ఈ పనికి మన కార్ఖానాలో ఏళ్ల తరబడి గ్రేడింగు చేసిన ఒక ఆడమనిషిని వెంట తీసుకువెళ్లడం ఏ కన్సల్టెంటు నివేదికకన్నా నమ్మదగినది.

అక్కడ పిక్క ఫిబ్రవరి నుంచి జూన్ వరకు దిగుతుంది. పంట మొదట్లో వచ్చే పిక్కే మంచిది, వానలు పడ్డాక తేమ చేరుతుంది. కాబట్టి సంక్రాంతి వెళ్లాక కాగితాలు మొదలుపెడితే ఆ సీజను పోయినట్టే. దసరా నాటికి యూఐఎన్, దీపావళి నాటికి బీమా జవాబు చేతిలో ఉండేలా వెనక్కి లెక్కవేసుకొని, వేసవిలోనే ఆడిటరు దగ్గర కూర్చోవాలి.