మిద్దె తోటలో ఉల్లి, వెల్లుల్లి: ఎప్పుడు తీయాలి, ఎలా దాచాలి?

కుండీల్లో తొలిసారి పండిన ఉల్లిగడ్డల్ని తీసిన రోజే ఆకులు కోసేసి బుట్టలో పోశాను. మూడు వారాలకే సగం గడ్డలు మెడ దగ్గర మెత్తబడి కుళ్లాయి. పచ్చి మెడ కోస్తే తెగులు లోపలికి దిగుతుందని అప్పుడు తెలిసింది.

సుమారు సగం మొక్కల ఆకులు మెడ దగ్గర వాటంతటవే వాలిపోతే ఉల్లి తీయొచ్చు. మిగతావాటిని చేత్తో వంచకండి. వాలడం మొదలవగానే నీళ్లు ఆపేయండి. వెల్లుల్లికైతే ఆకులు పసుపుబారి ఎండుతూ వంగుతాయి. అనుమానముంటే ఒక పాయ తవ్వి చూడండి: రెబ్బలు నిండుగా, పై పొర బిగుతుగా ఉండాలి. మరీ ఆలస్యమైతే పొర చిట్లి రెబ్బలు విడిపోతాయి.

పక్కనుంచి మట్టిని గుల్ల చేసి తీయండి. మట్టి దులిపితే చాలు, కడగొద్దు.

ఇక ఆరబెట్టడం. దీనికి తొందర అస్సలు పనికిరాదు. మన మార్చి, ఏప్రిల్ ఎండ నేరుగా తగిలితే గడ్డలు కమిలిపోతాయి. ఉల్లిని ఆకులతో సహా వరుసగా పరిచి, ఒకదాని ఆకు పక్కదాని గడ్డను కప్పేలా సర్దండి. మూడు నుంచి ఐదు రోజులయ్యాక గాలి ఆడే నీడలోకి మార్చి మరో 10-15 రోజులు ఉంచండి. మెడను వేళ్లతో నలపండి. తడి తగిలితే ఇంకా ఆగాలి. కాగితంలా గలగలలాడితేనే రెండు సెంటీమీటర్ల మెడ వదిలి ఆకులు కోయండి. వెల్లుల్లిని మొదటినుంచీ నీడలోనే ఆరబెట్టి, ఆకులు కోయకుండా జడలా అల్లి వేలాడదీయండి.

లావు మెడవి, పూత కాడ వచ్చినవి, దెబ్బ తగిలినవి ముందే వంటకు వాడేయండి. మిగతావి జాలి సంచిలోనో వెదురు బుట్టలోనో పలచగా పోసి, నేలకు తగలకుండా పెట్టండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, ఆలుగడ్డల పక్కన వద్దు. ఫ్రిజ్‌లో పెడితే వెల్లుల్లి త్వరగా మొలకెత్తుతుంది. వారానికోసారి చూసి, మెత్తబడింది కనిపిస్తే వెంటనే తీసేయండి.

ఉల్లి రకాన్ని బట్టి కూడా నిల్వ మారుతుంది. వానాకాలం వేసే ఎన్-53 ఎంత ఆరబెట్టినా ఎక్కువ రోజులు ఆగదు, తింటూ పోవడమే. యాసంగిలో వేసే అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి బాగా ఆరితే నాలుగైదు నెలలు ఉంటాయి.

వెల్లుల్లిలో పెద్ద పాయలు నాలుగైదు విడిగా కట్టి ఉంచండి. అక్టోబరులో వాటి రెబ్బలే విత్తనం.