పగిలి వచ్చిన ముక్కతో మొదలుపెట్టండి: పనిముట్ల యూనిట్‌లోకి కంప్యూటర్ డిజైన్ తెచ్చుకునే దారి

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న యూనిట్. రోటవేటర్లు, కల్టివేటర్లు, దమ్ము చక్రాలు చేస్తాం. ఈ మధ్య తోటి యూనిట్ల వాళ్లు ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "త్రీడీ డిజైన్, సిమ్యులేషన్ (ముక్క బరువుకి ఆగుతుందో లేదో కంప్యూటర్‌లోనే చూసుకోవడం) మొదలెట్టాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?" ఆ ప్రశ్న వంతు తర్వాత వస్తుంది. ముందు షెడ్డు వెనకాల గోడకి ఆనించి పెట్టిన తుక్కు దగ్గరికి వెళ్లండి. రైతులు వెనక్కి తెచ్చిన ఫ్లాంజ్‌లు (రోటర్ మీద బ్లేడ్లు బిగించే పళ్లేలు), సైడ్ ప్లేట్లు, ట్రాక్టర్‌కి తగిలించే దగ్గర వంగిన హిచ్ ఫ్రేములు అక్కడే ఉంటాయి. కంప్యూటర్ మీకు మొదట అక్కరకొచ్చేది వాటి విషయంలోనే.

మెషిన్ మొత్తాన్ని ఒకేసారి కంప్యూటర్‌లోకి ఎక్కించాలని చూస్తే ఏడాది గడిచినా పని తెమలదు. ఎక్కువసార్లు వెనక్కి వచ్చే ముక్క ఒక్కటి ఎంచుకోండి. దానికోసం ఒక రిజిస్టర్ పెట్టండి: ముక్క పేరు, పగిలిన చోటు, నేల రకం, ట్రాక్టర్ హెచ్‌పీ, సుమారుగా ఎన్ని గంటలు తిరిగింది. రేగడిలో తిరిగిన మెషిన్, రాళ్లున్న ఎర్రనేలలో తిరిగిన మెషిన్ ఒకేలా పాడవవు కాబట్టి నేల గడి ఖాళీగా వదలకండి. గ్రైండింగ్ పట్టి మళ్లీ వెల్డింగ్ చేసేలోపే పగులును దగ్గర నుంచి ఫొటో తీయించండి.

ఆ పగులు ముఖాన్ని చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. ముక్క బాగా వంగి, తర్వాత చిరిగిందంటే ఒక్కసారిగా పడిన బరువు దాన్ని విరిచింది. ముఖంలో కొంత భాగం నున్నగా ఉండి, దాని మీద గవ్వ మీది గీతల్లా వంపు చారలుండి, మిగతాది గరుకుగా ఉందంటే అది ఫెటీగ్. చిన్న చీలిక మొదలై, తిరిగిన ప్రతి చుట్టుకూ కాస్త కాస్త పెరిగి, చివరికి మిగిలిన లోహం ఆగలేక తెగిపోయింది. చారలన్నీ ఏ మూల చుట్టూ ఉన్నాయో పగులు పుట్టింది అక్కడే. ఇక ఏమాత్రం వంగకుండా, ముఖమంతా మెరిసే గింజల్లా ఉండి విరిగితే హార్డెనింగ్ శ్రుతి మించి లోహం పెళుసైందని అనుమానించండి. రోటవేటర్ బ్లేడ్లలో ఇది తరచుగా చూస్తాం. దీనికి సిమ్యులేషన్ పనికిరాదు. హీట్ ట్రీట్‌మెంట్ చేసే వాళ్లతో కూర్చుని హార్డ్‌నెస్ కొలిపించాలి.

కొలతల్లో నిజం

డిజైన్ బొమ్మ గీయించే ముందు తయారై ఉన్న ముక్కల్లోంచి ఓ అయిదారు తీసి వెర్నియర్ పెట్టండి. కాగితం మీద ఒక కొలత, రేకు టెంప్లేట్‌లో మరొకటి, వెల్డింగ్ వేడికి లాక్కుపోయాక చేతికొచ్చేది ఇంకొకటి ఉంటుంది. త్రీడీ మోడల్‌లో మీరు కోరుకునే కొలతే పెట్టండి, కానీ వెల్డింగ్ తర్వాత ఎంత తేడా వస్తోందో పక్కనే రాసుకోండి. లింకేజి పిన్నుల్లాంటి చోట మన ఇష్టం చెల్లదు. కేటగిరీ 2 హిచ్‌కి కింది పిన్నులు 28 మిల్లీమీటర్లు, కేటగిరీ 1కి 22. ట్రాక్టర్ వెనక నుంచి పనిముట్టుని తిప్పే పీటీవో షాఫ్ట్‌కి 540 ఆర్‌పీఎం, ఆరు పళ్లు, 35 మిల్లీమీటర్లు. వీటిని మోడల్‌లో తాళం వేసినట్టు ఉంచి, మిగతావి వాటి చుట్టూ కట్టాలి.

ప్లేటు వంచే ముక్కలకు ఇంకో పని ఉంది. వంచినప్పుడు లోహం సాగుతుంది. ఆ లెక్క సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకెతో కాకుండా మీ బెండింగ్ మెషిన్ ఇచ్చే అంకెతో ఉండాలి. 6 మిల్లీమీటర్ల ప్లేటులోంచి సరిగ్గా 200 మిల్లీమీటర్ల పట్టీ కోయించి, మధ్యలో 90 డిగ్రీలు వంచండి. రెండు వైపులా బయటి కొలతలు తీసి కూడండి. 210.6 వచ్చిందంటే ఒక్కో వంపుకు 10.6 తగ్గించి కోయాలన్నమాట. మీరు వాడే ప్రతి మందానికీ, ప్రతి డైకీ ఇలా ఒక పట్టీ వంచి, ఆ అంకెలు గోడకి అంటించండి. ఒక్క పూట పని. ఆ తర్వాత రంధ్రాలు ఎదురెదురుగా రాక సుత్తితో కొట్టి కలిపే బాధ చాలావరకు పోతుంది.

సాఫ్ట్‌వేర్, మనిషి

మొదటి ముక్కకి ఫ్రీక్యాడ్ చాలు. డబ్బు కట్టనక్కర్లేదు. 2024 నవంబర్‌లో 1.0 వెర్షన్ వచ్చింది. కాల్క్యులిక్స్ అనే లెక్కల ప్రోగ్రాంతో బలం చూసుకోవడానికి అందులో ఏర్పాటుంది, ప్లేటు వంపుల పనికి షీట్ మెటల్ అనే ఉచిత యాడాన్ వేసుకోవాలి. లక్షలు పెట్టే సాలిడ్‌వర్క్స్ లాంటివి బాగుంటాయి. వందల ముక్కలున్న అసెంబ్లీ, నలుగురు డిజైనర్లు ఉన్న చోట వాటి సుఖమే వేరు. కానీ మొదటి ముక్క మీద ఫలితం చూడకముందే వాటికి డబ్బు పెట్టడం నేను ఒప్పుకోను. ఆ డబ్బుతో 32 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్, లాగే బలం కొలిచే లోడ్ సెల్ ఒకటి, చిన్న కదలిక కొలిచే డయల్ గేజ్ ఒకటి కొనుక్కోండి.

డిప్లొమా చేసిన కుర్రాణ్ని పెట్టుకుంటే బొమ్మ గీయడం త్వరగానే వస్తుంది. శిక్షణ కావాలంటే హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968 నుంచి ఈ పని నేర్పుతున్న సంస్థ అది. అయితే ఆ కుర్రాణ్ని ఏసీ గదిలో ఒంటరిగా కూర్చోబెట్టకండి. వెల్డింగ్ మేస్త్రిని రోజూ కాసేపు ఆ స్క్రీన్ ముందు కూర్చోబెట్టండి. వెల్డింగ్ టార్చి ఎక్కడికి పోదో, ఏ బోల్ట్‌కి స్పానర్ తిరగదో ఆయన చూడగానే చెబుతారు.

బరువు ఎంత పెట్టాలి?

సిమ్యులేషన్‌లో అసలు కష్టం ఇక్కడే. రంగురంగుల బొమ్మ ఎవరికైనా వస్తుంది. అందులో పెట్టిన బరువు పొలంలో పడే బరువేనా అన్నది తేల్చుకోవాలి.

50 హెచ్‌పీ ట్రాక్టర్ తీసుకుందాం. పీటీవో దగ్గరికి సుమారు 43 హెచ్‌పీ, అంటే 32 కిలోవాట్లు వస్తాయనుకోండి. 540 ఆర్‌పీఎం దగ్గర అది దాదాపు 566 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. గేర్‌బాక్స్ దాటి రోటర్ 210 ఆర్‌పీఎంతో తిరుగుతుంటే టార్క్ 1450కి చేరుతుంది. బ్లేడు మొన రోటర్ మధ్య నుంచి 245 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే, ఆ మొన దగ్గర బలం 5900 న్యూటన్లు, అంటే దాదాపు 600 కిలోలు. మామూలుగా దుక్కిలో ఈ బలాన్ని కొన్ని బ్లేడ్లు పంచుకుంటాయి. రాయి తగిలినప్పుడు ఒక్క బ్లేడే మోస్తుంది. అందుకే ఫ్లాంజ్‌ని లెక్కకట్టేటప్పుడు 600 కిలోలూ ఒక్క బ్లేడు మీదే పెట్టి చూడండి.

అంతటితో ఆగకూడదు. రాయి తగిలిన క్షణంలో తిరుగుతున్న ఇంజిన్ చక్రం తోసే తోపు కూడా తోడై, టార్క్ ఈ లెక్కని దాటుతుంది. ఎంతవరకు దాటుతుందో నిర్ణయించేది, బరువు మించితే తెగే షియర్ బోల్ట్ లేదా జారే స్లిప్ క్లచ్. కాబట్టి షియర్ బోల్ట్ ఎంత టార్క్ దగ్గర తెగుతుందో లెక్కగట్టి, దాన్నే పై హద్దుగా పెట్టండి. పొలంలో జరిగేది కూడా మరిచిపోవద్దు. బోల్ట్ తెగితే దగ్గర్లో దొరికిన హైటెన్సిల్ బోల్ట్ బిగించి డ్రైవర్ పని కానిస్తాడు. అతని తప్పేం లేదు, పదును ఆరిపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. అందుకని అలాంటి 8.8 గ్రేడు బోల్ట్ వేస్తే ఏమవుతుందో కూడా ఒకసారి నడిపి చూడండి. అలాంటప్పుడు కూడా గేర్‌బాక్స్ పోకుండా, తక్కువ ఖర్చుతో మార్చుకునే ముక్క ముందు పోయేలా డిజైన్ చేస్తే ఆ రైతు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు.

నమ్మకం కుదరాలంటే

మొదటి సిమ్యులేషన్ రోటవేటర్ మీద చేయొద్దు. 50 బై 10 మిల్లీమీటర్ల ఇనుప ఫ్లాట్ ముక్క తీసుకోండి. దిట్టమైన టేబుల్‌కి ఒక చివర గట్టిగా బిగించి, 500 మిల్లీమీటర్లు బయటికి వదలండి. 10 మిల్లీమీటర్ల మందం నిలువుగా ఉండేలా, అంటే ఫ్లాట్‌ని పడుకోబెట్టి బిగించాలి. చివర డయల్ గేజ్ సున్నాకి పెట్టి, 10 కిలోల బాటు వేలాడదీయండి. లెక్క ప్రకారం చివర 4.9 మిల్లీమీటర్లు కిందికి దిగాలి. కంప్యూటర్‌లోనూ అంతే రావాలి, గేజ్ మీదా దాని దగ్గరే రావాలి. గేజ్ ఎక్కువ చూపిస్తే ముందు బిగింపునే అనుమానించండి, పట్టు కొద్దిగా జారినా అంకె మారిపోతుంది. ఈ చిన్న పరీక్ష చూశాకే మా షాపులో పెద్దవాళ్లకి స్క్రీన్ మీద గురి కుదిరింది.

అసలు ముక్కకొచ్చాక పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే బరువు కింద పక్కపక్కనే నడపండి. పాత డిజైన్‌లో ఎర్రరంగు వచ్చిన చోటూ (స్ట్రెస్, అంటే లోహం మీది ఒత్తిడి ఎక్కువున్న చోటు), రిజిస్టర్‌లో పగిలిందని రాసిన చోటూ ఒకటే అయితే మీ మోడల్ దారిలో ఉన్నట్టు. కలవకపోతే కొత్త డిజైన్ వైపు పోకండి. బరువు తప్పో, బిగింపులు తప్పో తేలాలి.

ఇంకో చిక్కు ఉంది. లెక్క కోసం కంప్యూటర్ ముక్కని చిన్న చిన్న గడులుగా విడగొడుతుంది, దాన్నే మెష్ అంటారు. లోపలి మూల పదునుగా ఉన్న చోట ఆ మెష్ చిన్నది చేసిన కొద్దీ స్ట్రెస్ అంకె పెరుగుతూనే పోతుంది. దానికి హద్దు ఉండదు, ఆ అంకె నిజం కాదు. అక్కడ అసలు ముక్కలో ఉండే గుండ్రదనాన్ని మోడల్‌లోనూ పెట్టి మళ్లీ చూడండి. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు, ఐఎస్ 2062 అనే భారతీయ ప్రమాణంలో ఈ250 రకం, 250 మెగాపాస్కల్ దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది. స్ట్రెస్ అందులో సగమే ఉందని సంబరపడిపోయేవాళ్లు వెల్డింగ్ సంగతి మరిచిపోతారు.

210 ఆర్‌పీఎంతో తిరిగే రోటర్ గంటకు 12,600 చుట్లు వేస్తుంది. 160 గంటల్లో 20 లక్షలు దాటుతుంది. అద్దెకు తిప్పే బండి ఆ గంటలు ఒక్క సీజన్‌లోనే పూర్తిచేస్తుంది. ఒక్కసారి పడే బరువుకి నిలిచిన వెల్డ్ అంచు, దానికన్నా చాలా తక్కువ బరువు లక్షలసార్లు పడితే చీలుతుంది. హైటెన్సిల్ ప్లేటు వేస్తే ఇది తగ్గుతుందనుకుంటారు. వెల్డ్ అంచు దగ్గర ఫెటీగ్ బలం ప్లేటు గ్రేడుతో దాదాపుగా మారదు. మార్చాల్సింది ఆకారం, వెల్డ్ ఉన్న చోటు.

ఫ్లాంజ్ పక్కన ఊతంగా చిన్న రిబ్బు (అడ్డుపట్టీ) వేస్తే సరిపోతుందని స్క్రీన్ మీద తేలినప్పుడు మా మేస్త్రి బాబాయ్ ఒప్పుకోలేదు. "అక్కడ పగలదు బాబూ, రిబ్బు చివర పగులుద్ది" అన్నాడు. రిబ్బు చివర మెష్ చిన్నది చేసి చూస్తే స్ట్రెస్ అక్కడికే చేరింది. రిబ్బును ఏటవాలుగా సన్నబరిచి, వెల్డ్‌ని చివరి అంచు చుట్టూ తిప్పి ముగించే పద్ధతి ఆయన చెప్పిందే. అలాంటి మాటలను డ్రాయింగ్ మీదే నోట్‌గా రాయించండి. ఆయన రిటైరయ్యాక కూడా అవి షాపులో ఉండాలి.

మట్టి సిమ్యులేషన్

మట్టిని రేణువులుగా చేసి బ్లేడు దాన్ని ఎలా కోస్తుందో చూపించే డీఈఎం పద్ధతి ఉంది. చూడ్డానికి బాగుంటుంది. కానీ మన రేగడికి సరిపడే అంకెలు పెట్టాలంటే చాలా ప్రయోగాలు కావాలి, చిన్న యూనిట్ దాని జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. ఆసక్తి ఉంటే బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ లాంటి చోట అడిగి చూడండి. కల్టివేటర్ లాగడానికి ఎంత బలం కావాలో తెలుసుకోవడానికి పాత పద్ధతే మేలు: రెండు ట్రాక్టర్ల మధ్య లోడ్ సెల్ కట్టి, పనిముట్టు తగిలించిన వెనక ట్రాక్టర్‌ని న్యూట్రల్‌లో పెట్టి ముందుదానితో లాగించాలి. పనిముట్టు నేలలో ఉన్నప్పటి అంకెలోంచి పైకెత్తినప్పటి అంకె తీసేస్తే మీక్కావాల్సింది దొరుకుతుంది. ఆ అంకెనే ఫ్రేము సిమ్యులేషన్‌కి వాడండి.

విత్తన గొర్రు చేసేవాళ్లకు మాత్రం ఇక్కడ సులువైన లాభం ఉంది. వేరుశనగ, మొక్కజొన్న గింజలు పడే ప్లేట్లను త్రీడీ ప్రింటర్‌లో తీసి, రంధ్రం సైజు మార్చి మార్చి బల్ల మీదే తిప్పి చూడొచ్చు. గింజ పగులుతోందా, రెండేసి పడుతున్నాయా అన్నది అక్కడే తెలుస్తుంది. సరైనది దొరికాకే మోల్డ్‌కి డబ్బు పెట్టండి.

స్క్రీన్ నుంచి షాపులోకి

లేజర్ కటింగ్ మెషిన్ కొననక్కర్లేదు, జాబ్‌వర్క్‌కి ఇస్తే చాలు. కోయాల్సిన గీతలుండే డీఎక్స్ఎఫ్ ఫైలు పంపేటప్పుడు ముక్క నంబరు, డిజైన్ ఎన్నో మార్పో చెప్పే అక్షరం ప్లేటు మీదే చెక్కేలా పెట్టండి. ప్లేటు మందం కన్నా చిన్న రంధ్రం లేజర్‌తో కోయించకండి. మర తీయాల్సిన రంధ్రాలకు లేజర్‌తో గుర్తు మాత్రం పెట్టించి డ్రిల్లింగ్ చేయండి, లేజర్ కోసిన అంచు గట్టిపడి మర తీసే ట్యాప్‌లు విరుగుతాయి. ఒక ప్లేటుకి నాలుక, ఎదుటి ప్లేటుకి గాడి పెట్టి డిజైన్ చేస్తే ముక్కలు వాటికవే చోట్లో కూర్చుంటాయి, వెల్డింగ్‌కి ముక్కల్ని పట్టి ఉంచే ఫిక్చర్ ఖర్చు తగ్గుతుంది. కొత్త డ్రాయింగ్ వచ్చిన రోజే పాత రేకు టెంప్లేట్‌ని కోసి తుక్కులో వేయాలి. అది గోడకి వేలాడుతున్నంత కాలం ఎవరో ఒకరు దాంతోనే గీస్తారు.

సబ్సిడీ పథకాలకు టెస్ట్ రిపోర్ట్ కావాలంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర పరీక్షా సంస్థకి మెషిన్ పంపొచ్చు. మీరు రాసిచ్చిన కొలతల్నీ, మెషిన్ మీది కొలతల్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు కాబట్టి మోడల్, డ్రాయింగ్, మెషిన్ మూడూ ఒకటే చెప్పాలి.

దానికంటే ముందు సొంత పరీక్ష ఉండాలి. కొత్త ముక్కలు వేసిన మెషిన్లు ఒకటి రెండు, అద్దెకు తిప్పే డ్రైవర్లకి ఇవ్వండి. సొంత పొలానికే వాడే రైతు కన్నా వాళ్లు చాలా ఎక్కువ గంటలు తిప్పుతారు. అవర్ మీటర్ బిగించండి. ప్రతి 50 గంటలకి మెషిన్‌ని శుభ్రంగా కడిగి, ఫ్లాంజ్ వెల్డ్‌ల దగ్గర పెయింట్ గీకి, చీలికల్లోకి ఇంకే రంగు, డై పెనెట్రెంట్ కొట్టండి. స్ప్రే డబ్బాల్లోనే దొరుకుతుంది. ఎర్రరంగు చల్లి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, తుడిచేసి, తెల్ల డెవలపర్ కొడితే కంటికి కనపడని చీలిక కూడా ఎర్రగీతలా బయటపడుతుంది. గీత వస్తే దాని పొడవు కొలిచి, ఫొటో తీసి, గంటలతో సహా రిజిస్టర్‌లో రాయండి. ఏమీ రాకపోతే అదీ రాయండి. 160 గంటలు దాటాక కూడా గీత లేకపోతే ఆ ఫ్లాంజ్‌ని ఉత్పత్తిలోకి తీసుకుని, రిజిస్టర్‌లో తర్వాత ఎక్కువసార్లు కనిపించిన ముక్కని తెరవండి.