డైలాగ్ చెప్పడం నేర్చుకుందాం – 6వ పాఠం: జేమ్స్ ఎర్ల్ జోన్స్ దగ్గర ఆగడం నేర్చుకుందాం

కిందటి పాఠంలో ఊపిరి గురించి చెప్పుకున్నాం. పొట్ట దగ్గర చెయ్యి పెట్టుకుని చేసే ఆ అభ్యాసం ఇంకా అలవాటు కాకపోతే ఈ పాఠం మొదలుపెట్టకండి, మరో వారం అదే చేయండి. తొందరేం లేదు.

ఇప్పుడు గొంతు. ఈ మాట ఎత్తగానే కొత్తగా నాటకాల్లోకి వచ్చినవాళ్లు "నాకు బేస్ (కిందిస్థాయి బరువైన గొంతు) లేదండీ" అంటారు. అందుకే ఈ పాఠానికి ఉదాహరణగా ప్రపంచంలోనే పేరున్న బేస్ వాయిస్‌ని తీసుకుంటున్నాను. జేమ్స్ ఎర్ల్ జోన్స్ అంటే గుర్తురాకపోవచ్చు. స్టార్ వార్స్‌లో నల్ల ముసుగు వేసుకున్న డార్త్ వేడర్ గొంతు ఆయనదే. లయన్ కింగ్‌లో తండ్రి సింహం ముఫాసా గొంతూ ఆయనదే. అంత గొంతున్న మనిషి చిన్నప్పుడు ఎనిమిదేళ్ల పాటు దాదాపు మూగవాడిలా బతికాడు.

జోన్స్ 1931లో మిసిసిపీ రాష్ట్రంలోని ఆర్కబట్లాలో పుట్టాడు. ఆయన పుట్టిన రోజుల్లోనే తండ్రి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. అమ్మమ్మ, తాతయ్యలే పెంచారు. ఐదేళ్ల వయసులో వాళ్లు మిషిగన్‌లో పొలం చూసుకోవడానికి వెళ్తూ పిల్లవాణ్నీ తీసుకెళ్లారు. ఆ మార్పు పిల్లవాడికి గట్టి దెబ్బే తగిలించింది. నత్తి మొదలైంది, తర్వాత మాటే ఆగిపోయింది. పొలంలో పశువులతో మాట్లాడేవాడు. మనుషుల దగ్గర మాత్రం నోరు తెరిచేవాడు కాదు, బళ్లో ఏం చెప్పాలన్నా కాగితం మీద రాసి ఇచ్చేవాడు.

హైస్కూల్లో డొనాల్డ్ క్రౌచ్ అనే మాస్టారు ఈ కుర్రాడు రహస్యంగా కవిత్వం రాస్తున్నాడని కనిపెట్టారు. పంపరపనస పండు మీద రాసిన ఒక కవిత ఆయన కంట పడింది. ఇంత బాగా నువ్వే రాశావా, అయితే కాగితం చూడకుండా క్లాసు ముందు చెప్పి చూపించు అన్నారు. కుర్రాడు లేచి మొత్తం చెప్పాడు. ఒక్కచోట కూడా నత్తి రాలేదు.

కారణం మనకు పనికొచ్చేదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ కవిత అమెరికన్ కవి లాంగ్‌ఫెలో ఛందస్సును అనుకరించి రాసింది. అంటే పాదానికి ఇన్ని దెబ్బలని ముందే తెలిసిన నడక. పైగా మాటలు కంఠతా వచ్చినవి. తర్వాత ఏ మాట చెప్పాలి అనే టెన్షన్ నోటికి లేదు, లయ ఎక్కడ పడితే మాట అక్కడ పడుతుంది. ఆ తర్వాత క్రౌచ్ మాస్టారు ఆయన చేత రోజూ పద్యాలు చదివించారు, వక్తృత్వ పోటీలకు పంపారు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. నత్తి పోయిందని జోన్స్ ఎప్పుడూ చెప్పుకోలేదు, దాంతోనే పని చేసుకుంటూ వచ్చానన్నాడు. మీలో ఎవరికైనా నత్తి ఉంటే ఈ అభ్యాసం చేయండి కానీ దీన్ని వైద్యం అనుకోకండి. దానికి స్పీచ్ థెరపిస్టులు ఉన్నారు.

మొదటి అభ్యాసం. చిన్నప్పుడు బట్టీపట్టిన ఆటవెలది పద్యం ఒకటి తీసుకోండి, వేమనదైతే మరీ మంచిది. తొడ మీద వేలితో గణానికి ఒక దెబ్బ వేస్తూ చదవండి. మొదట రాగం తీయకుండా, బడిపిల్లల్లా దంచుతూనే చదవండి, ఫర్వాలేదు. రెండు రోజులయ్యాక వేలు ఆపేయండి, దెబ్బ లోపలే వినపడాలి. ఆ తర్వాత అదే పద్యాన్ని పక్కింటాయనకు సంగతి చెబుతున్నట్టు మామూలు మాటగా చెప్పండి. లోపలి లెక్క తప్పకూడదు, పైకి మాత్రం లెక్క కనపడకూడదు. పరిషత్తు నాటకాల్లో పాత తరం నటుల డైలాగులో మనకు కనపడే బిగువు ఇదే. వాళ్లు పద్యనాటకం చూసి, ఆడి వచ్చినవాళ్లు.

జోన్స్ తర్వాతి దారి క్లుప్తంగా చెప్పేస్తాను. మిషిగన్ యూనివర్సిటీలో డాక్టరు చదువు కోసం చేరి నాటకానికి మారాడు. కొంతకాలం సైన్యంలో ఆఫీసరుగా చేశాడు. మానిస్టీ ఊళ్లోని రామ్స్‌డెల్ థియేటర్లో వడ్రంగి పని, స్టేజ్ మేనేజర్ పని చేస్తూ వేషాలు వేశాడు. న్యూయార్క్ వెళ్లాక, చిన్నప్పుడు ఎరగని తండ్రితోనే ఉంటూ, ఇద్దరూ ఫ్లోర్లు తుడిచి పొట్టపోసుకున్నారు. తండ్రి రాబర్ట్ ఎర్ల్ జోన్స్ కూడా నటుడే. 1960ల్లో నాటక నిర్మాత జోసెఫ్ పాప్ న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆడించే షేక్‌స్పియర్ నాటకాలు జోన్స్‌ని తయారు చేశాయి. బాక్సర్ పాత్ర వేసిన ద గ్రేట్ వైట్ హోప్ నాటకానికి 1969లో టోనీ అవార్డు (అమెరికాలో నాటకాలకిచ్చే పెద్ద అవార్డు) వచ్చింది, అదే పాత్రను సినిమాలో చేసి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడు.

రెండో అభ్యాసానికి మంచి ఉదాహరణ పిల్లల టీవీ నుంచి దొరుకుతుంది. సెసమీ స్ట్రీట్ మొదలైన కొత్తలో జోన్స్ కెమెరా ముందు నిలబడి ఇంగ్లిష్ అక్షరాలు చదివాడు. అంతే, ఏ నుంచి జెడ్ దాకా. కానీ అక్షరానికీ అక్షరానికీ మధ్య అంతసేపు కళ్లార్పకుండా ఆగాడు. తెర మీద అక్షరం ముందే పడుతుంది, ఆయన తర్వాత పలుకుతాడు. రెండుమూడుసార్లు చూసిన పిల్లలు ఆయనకంటే ముందే అక్షరం అరిచి చెప్పేవారట. ఆ ఖాళీలో పని చేసింది పిల్లల బుర్ర.

మనం గ్యాప్ అంటే డైలాగు మధ్య విశ్రాంతి అనుకుంటాం. కాదు, ఎదుటివాళ్ల బుర్ర పని చేసే చోటు అది. మీరు ఒకటి నుంచి పది దాకా అంకెలు చెప్పండి, ఎదురుగా ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. ప్రతి అంకెకు ముందు ఆగండి. ఆగినప్పుడు చూపు పక్కకు తిప్పొద్దు, ఊపిరి వదిలేయొద్దు, ముఖ్యంగా "ఆఁ..." అనొద్దు. ఎదుటి మనిషి పెదవి కదిలిందంటే గ్యాప్ సరిపోయింది. వాళ్లు ఫోన్ చూసుకున్నారంటే మీ ఆగడంలో ఏమీ లేదన్నమాట. అంకెలతో కుదిరాక డైలాగులోకి రండి. గ్యాప్ ఎప్పుడూ ముఖ్యమైన మాటకు ముందే పెట్టండి. మాట అయ్యాక ఆగితే చప్పట్లు అడుక్కుంటున్నట్టు ఉంటుంది.

ఇక బేస్ సంగతి. డార్త్ వేడర్ శరీరం డేవిడ్ ప్రౌస్ అనే నటుడిది, గొంతు మాత్రమే జోన్స్‌ది. 1977 సినిమాకి ఆయన రికార్డింగ్ రెండున్నర గంటల్లో అయిపోయింది, ఇచ్చింది 7,000 డాలర్లు. మొదటి రెండు సినిమాల్లో ఆయన కోరిక మీదే పేరు వేయలేదు, తన పని స్పెషల్ ఎఫెక్ట్ లాంటిదే కదా అన్నాడు. ఆ గొంతు రహస్యం గురించి ఆయన చెప్పిన మాట మనవాళ్లు వినాలి. భావాన్ని చాలా ఇరుకు హద్దుల్లో ఉంచడమే దాని కీలకమట. హెచ్చుతగ్గులు లేవు, కోపం లేదు, అరుపు లేదు. భయం పుట్టేది అక్కడే. ముఫాసాకు దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ తండ్రి ప్రేమ, మందలింపు, నవ్వు అన్నీ గొంతు ఎక్కి దిగుతూనే పలుకుతాయి.

"నువ్వు ఎక్కడికీ వెళ్లడం లేదు" అనే వాక్యం తీసుకోండి. ఒకసారి ఒకే శ్రుతిలో, మెల్లగా, విలన్‌లా చెప్పండి. ఒకసారి జ్వరంతో లేవబోతున్న పిల్లాడికి చెప్పండి. ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. 2019లో వచ్చిన కొత్త లయన్ కింగ్‌లో ఇంగ్లిష్ ముఫాసాకి మళ్లీ జోన్సే చెప్పాడు, అప్పటికి ఆయనకు 88 ఏళ్లు. తెలుగులో పి. రవిశంకర్ చెప్పారు. ఒకే సీన్ రెండు భాషల్లోనూ విని, ఎవరు ఏ మాట ముందు ఆగారో కాగితం మీద గీతలు పెట్టుకోండి.

గొంతు కిందికి నొక్కి బేస్ తెప్పించుకోవద్దు. అది డబ్బింగ్ థియేటర్లో ఒక పూట పనిచేస్తుంది, మర్నాటికి గొంతు పోతుంది. నొప్పి అనిపిస్తే ఆపేయండి. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి.

నా మట్టుకు జోన్స్ గొప్పతనం ఈ గొంతు పాత్రల్లో కంటే రంగస్థలం మీదే ఎక్కువ. 1987లో ఆగస్ట్ విల్సన్ నాటకం ఫెన్సెస్‌తో రెండో టోనీ వచ్చింది. అందులో ట్రాయ్ మాక్సన్ చెత్త ఎత్తే కార్మికుడు, ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడు. నేనంటే నీకెందుకు ఇష్టం లేదని కొడుకు అడుగుతాడు. ఇష్టపడాలని చట్టమేమైనా ఉందా, నిన్ను పోషించడం నా బాధ్యత, అంతవరకే అన్న అర్థంలో తండ్రి పెద్ద జవాబే చెబుతాడు. ఇలాంటి డైలాగుని మొదటి మాట నుంచే కోపంతో ఎత్తుకుంటే సగంలో మిగిలేది గోల ఒక్కటే.

వచ్చే పాఠం లోపల చేయాల్సింది ఇదే. ఒక తండ్రి కొడుకుతో చెప్పే పది పన్నెండు వాక్యాల డైలాగు మీరే రాయండి, మీ ఇంటి యాసలో. అందులో అన్నిటికంటే బరువైన వాక్యం కింద గీత పెట్టండి. దాని ముందు ఒక్కచోటే ఆగండి, మిగతాదంతా ఆగకుండా చెప్పండి. రికార్డింగ్ దాచుకోండి, 7వ పాఠంలో దాని మీదే పని చేస్తాం.