ఎండాకాలంలో కల్లు ఇంటికి తెచ్చుకునేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

వరంగల్, జనగామ పల్లెల్లో తాటిచెట్లు బాగా పారే రోజులూ ఎండ 40 డిగ్రీలు దాటే రోజులూ కలిసే వస్తాయి కాబట్టి, మండువ (కల్లు అమ్మే చోటు) దగ్గర నింపించుకున్న కల్లు సీసా హనుమకొండలోని ఇంటికి చేరేలోగానే పొంగడం, ఒక్కోసారి పగలడం కూడా జరుగుతుంది. నురగ వచ్చినంత మాత్రాన కల్లు చెడిపోయినట్లు కాదు. అది ఇంకా పులుస్తూనే ఉన్నదని అర్థం. ప్రమాదమంతా అలా పులుస్తున్న కల్లును మూత బిగించి బంధించడంలోనే ఉంది.

చెట్టుకు కట్టిన లొట్టిలో (కల్లు కుండలో) పడ్డప్పటి నుంచే తాటినీరులోని చక్కెరను ఈస్ట్ ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడుగా మారుస్తూ ఉంటుంది. లీటరు కల్లులో మిగిలిన చక్కెరలో 10 గ్రాములు పులిసినా దాదాపు 5 గ్రాముల వాయువు పుడుతుంది. బయటకు వదిలితే అది రెండున్నర లీటర్లకు పైగా చోటు తీసుకునేంత వాయువు. పైగా నీరు సున్నా డిగ్రీల దగ్గర కరిగించుకోగల వాయువులో సుమారు మూడో వంతునే 40 డిగ్రీల దగ్గర పట్టి ఉంచగలదు. కారు డిక్కీలో వేడెక్కిన సీసా మూత తీయగానే కల్లు ఎగజిమ్మడానికి కారణం ఇదే.

అందువల్ల గాజు సీసాలో, ముఖ్యంగా ఖాళీ బీరు సీసాలో, కల్లు పోసి బిగించడం ఎంతమాత్రం తగదు. పగిలితే గాజు పెంకులు కళ్లకు తగులుతాయి. గాలి చొరని థర్మాస్ ఫ్లాస్కు కూడా వద్దు. మందమైన కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసాను శుభ్రంగా కడిగి, నాలుగింట మూడు వంతులే నింపి, మూతను వాయువు పోయేంత వదులుగా ఉంచి, ఐసు వేసిన డబ్బాలో నిటారుగా నిలబెట్టి తీసుకురావాలి. గీత కార్మికులు కల్లు లొట్టి మూతిని గాలి ఆడకుండా బిగించరన్నది గమనించవలసిన విషయం. మట్టి లొట్టి గోడలు చెమర్చి లోపలి కల్లును కొంత చల్లగా కూడా ఉంచుతాయి.

పరకాల నుంచి తెచ్చిన రెండు లీటర్ల సీసాను ఒకసారి మా వంటింట్లో తొందరపడి తెరిచినప్పుడు సగానికి పైగా నేలపాలైంది. అది ప్లాస్టిక్ సీసా కావడం వల్లనే ఎవరికీ దెబ్బ తగలలేదు. సీసా రాయిలా గట్టిపడి ఉంటే కదిలించకుండా గంటసేపు ఐసు నీళ్లలో ఉంచి, పిల్లలను దూరంగా పంపి, మూతపై మందపు గుడ్డ కప్పి, ముఖం పక్కకు తిప్పుకొని కొద్దిగా మాత్రమే తిప్పాలి. బుస్సుమని వాయువు పోయాక మళ్లీ బిగించి, రెండు మూడు సార్లు అలాగే చేయాలి. వంపేటప్పుడు గ్లాసును ఏటవాలుగా పట్టి, అంచు వెంట మెల్లగా జారనిచ్చి, అడుగున పేరుకున్న తెల్లని మడ్డిని కదలనివ్వకపోతే నురగ బాగా తగ్గుతుంది.

నురగను చూసి కల్తీ ఉన్నదీ లేనిదీ తేల్చలేము. తాగిన తరువాత మాట తడబడినా, అసాధారణమైన మత్తు కమ్మినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. తాగినవారు బండి నడపరాదు. ఫ్రిజ్ పులియడాన్ని నెమ్మదింపజేస్తుందే గాని ఆపదు కాబట్టి, అక్కడ కూడా మూత వదులుగానే ఉండాలి, కల్లు ఆ రోజే అయిపోవాలి.