చిన్న ప్రైవేటు స్కూల్లో టీచర్లకు శిక్షణ: 40 నిమిషాల పద్ధతి

జూన్‌లో బడి తెరిచే ముందు ఎవరో ఒక వక్తను పిలిపించి, రోజంతా మాట్లాడించి, టీ సమోసాలతో ముగిస్తే జూలైకల్లా ఎవరికీ ఏమీ గుర్తుండదు. పుస్తకాల కంపెనీ ఉచితంగా పెట్టే వర్క్‌షాప్ అయితే సగం సమయం వాళ్ల పుస్తకాల ప్రచారానికే పోతుంది. దానికి బదులు శనివారం చివరి పీరియడ్‌ను శిక్షణకు కేటాయించండి. ఒక వారం ప్రైమరీ టీచర్లు కూర్చుంటే హైస్కూల్ టీచర్లు వాళ్ల క్లాసులు చూసుకుంటారు, మరుసటి వారం అటుదిటు. లాంగ్ బెల్ కొట్టాక మాత్రం పెట్టకండి. స్కూలు బస్సులో ఇంటికెళ్లే టీచర్ల చూపంతా గడియారం మీదే ఉంటుంది.

ఏం నేర్పాలో కరస్పాండెంట్ (స్కూలు నడిపే యజమాని) గదిలో కూర్చుని తేల్చొద్దు. క్లాసుకు ఐదు నోటుబుక్కులు తెప్పించి, ఎక్కువమంది చేస్తున్న ఒకే ఒక్క తప్పును ఎంచుకోండి. ఉదాహరణకు, నాలుగో తరగతిలో 402 నుంచి 178 తీసేయమంటే కొందరు 376 అని రాస్తారు. అంటే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నదాన్ని తీసేస్తున్నారు. 'పక్కింట్లో అప్పు తెచ్చుకో' అని టీచరు ఎన్నిసార్లు చెప్పినా, పక్కింట్లో సున్నా ఉంటే ఏం చేయాలో పిల్లాడికి తెలియదు.

మొదటి 10 నిమిషాలు ఆ నోటుబుక్కులు చూడండి. తర్వాతి 20 నిమిషాలు ఒక టీచరు డెమో ఇవ్వాలి, మిగతావాళ్లు పిల్లలు. నాలుగు బొమ్మ వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు, వాటిని మార్చడానికి పది బొమ్మ పది రూపాయల నోట్లు, మరో పది రూపాయి బిళ్లలు చాలు. ఒక వందను పది పదులుగా, అందులో ఒక పదిని పది రూపాయలుగా మారిస్తే 3 వందలు, 9 పదులు, 12 ఒకట్లు అవుతాయి. జవాబు 224. చివరి 10 నిమిషాల్లో ఎవరు ఏ క్లాసులో, ఏ రోజు చేస్తారో లెసన్ ప్లాన్‌లో రాసుకోవాలి. ఇది ఎగ్గొడితే మిగతాదంతా కాలక్షేపమే.

ఆ వారంలో హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయులు) గానీ తోటి టీచరు గానీ 15 నిమిషాలు క్లాసు వెనక కూర్చోవాలి. టీచరును కాదు, పిల్లల్ని చూడాలి: ఎంతమంది సొంతంగా లెక్క చేశారు, ఎంతమంది బోర్డు చూసి దించుకున్నారు? చూసింది ఆ టీచరుకు అదే రోజు చెప్పేయాలి, అదీ ఒంటరిగా ఉన్నప్పుడు. ఈ పరిశీలనను ఇంక్రిమెంట్‌తో ముడిపెట్టారంటే మీరు వెళ్లిన రోజు ముందే అప్పజెప్పించుకున్న పాఠమే కనిపిస్తుంది. ఈ పరిశీలన సాధారణంగా దెబ్బతినేది ఇలా. ఒక టీచరు సెలవు పెడితే తోటి టీచరు లీజర్ (ఖాళీ పీరియడ్) కాస్తా ఆ క్లాసు చూసుకోవడానికే పోతుంది. అందుకే వారానికి ఒక్క లీజర్‌నైనా టైంటేబుల్‌లో ఎర్రసిరాతో గుర్తు పెట్టి, దాని జోలికి వెళ్లకండి.

ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెబుతోంది. ప్రభుత్వ దీక్షా యాప్‌లో టీచర్లకు ఉచిత కోర్సులున్నాయి, కానీ ఫోన్‌లో వీడియో నడుస్తుండగా పేపర్లు దిద్దుకుంటే చేతికొచ్చేది సర్టిఫికెట్ ఒక్కటే. కోర్సులోని ఒక భాగాన్ని శనివారం డెమోగా చేయించండి.

ఏప్రిల్‌లో మానేసే టీచర్లు ఎలాగూ ఉంటారు. క్లాసువారీగా ఒక ఫైలు పెట్టి, దొరికిన తప్పు, చేసిన డెమో, వాడిన సామగ్రి ఒక్కో పేజీలో రాయించండి. కొత్తగా చేరినవారికి మొదటి రోజు పాఠ్యపుస్తకంతో పాటు ఆ ఫైలూ ఇవ్వాలి.