డీవీడీ రైటర్‌ని సిస్టమ్ వేరేదిగా చూపిస్తోందా? రిజిస్ట్రీ ముట్టుకునే ముందు జాగ్రత్తలు

ముందు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కన్నా ముందు నడిచే సెటప్) డ్రైవ్ పేరు చూడండి. అక్కడే పిచ్చి అక్షరాలు కనిపిస్తే విండోస్‌ని తిట్టుకుని లాభం లేదు, తప్పు చాలావరకు కేబుల్‌దో జంపర్‌దో (డ్రైవ్ వెనక పిన్నుల మీద పెట్టే చిన్న క్లిప్పు). పాత ఐడీఈ డ్రైవ్ (వెడల్పాటి కేబుల్ ఉండే రకం) అయితే ఒకే కేబుల్ మీదున్న రెండు డ్రైవ్‌లూ మాస్టర్‌గా (మొదటి డ్రైవ్‌గా) లేకుండా చూసుకోండి. కేబుల్ పీకేముందు పవర్ ప్లగ్ తీసేయాలి.

బయోస్‌లో పేరు సరిగ్గా ఉండి, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో కోడ్ 19 గానీ 39 గానీ ఉంటే, పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ (డిస్కులు రాసే ప్రోగ్రామ్) రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట, వదిలిన అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే ఎంట్రీలని అనుమానించాలి. వాటిని తీసేముందు:

• రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్‌ని వెనక్కి తిప్పుకోవడానికి) పెట్టండి. ఆ ఎంట్రీలు ఉన్న రిజిస్ట్రీ కీని (ఫోల్డర్ లాంటిది) ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి.
• కీ పేరు 4డీ36ఈ965తో మొదలవ్వాలి. అందులో ఆ చివరి 5 బదులు 7 ఉంటే అది హార్డ్ డిస్క్‌ది! అందులో అప్పర్‌ఫిల్టర్స్‌లోని పార్ట్‌మేనేజర్ (partmgr) పోతే విండోస్ బూట్ కాకపోవచ్చు.
• బర్నింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ మళ్లీ వేసుకోవడానికి దగ్గర పెట్టుకోండి, ఫిల్టర్లు తీశాక అది పనిచేయకపోవచ్చు.

ఫర్మ్‌వేర్ (డ్రైవ్ లోపలే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ ఆఖరి మార్గం. మోడల్ నంబర్ డ్రైవ్ మీది లేబుల్ చూసే రాసుకోండి, విండోస్ చెప్పే పేరు నమ్మొద్దు. ట్రేలో డిస్క్ ఉండకూడదు. కరెంటు మీద నమ్మకం లేకపోతే యూపీఎస్ తప్పనిసరి.